సాకెట్ ఫ్యూజు ఊరికే కాలిపోతోంది, 15 బదులు 20 పెట్టొచ్చా?

కొర్లగుంట హ్యాచ్‌బ్యాక్:

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది 2016 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, తిరుపతిలోనే వాడతా ఉండాము. రెండు సమస్యలు.

ఒకటి, డ్యాష్‌బోర్డు మధ్యలో ఉండే 12 వోల్టుల సాకెట్. దానికి మూడు దారుల అడాప్టర్ తగిలించి ఉంది. ఫోన్ చార్జరు, డ్యాష్‌క్యామ్ ఎప్పుడూ దాంట్లోనే ఉంటాయి. మూడో దాంట్లో టైర్లకు గాలి పట్టే పంపు పెడితే రెండు టైర్లకు బాగానే పడుతుంది, మూడో టైరు సగంలో ఉండంగా మూడూ ఒకేసారి ఆగిపోతాయి. తీసి చూస్తే 15 నంబరు, అంటే 15 యాంపుల నీలం ఫ్యూజు పోయి ఉంటుంది. కొత్తది వేస్తే ఫోన్‌కు ఏ ఇబ్బందీ లేదు, పంపు పెడితే మళ్లీ అదే కథ. పంపు మీద 12 వోల్టులు, 150 వాట్లు అని రాసి ఉంది.

రెండోది, వానల తర్వాత హారన్ పోయింది. దానికీ 15 ఫ్యూజే. కొత్తది వేసి హారన్ నొక్కితే అక్కడికక్కడే పోతా ఉంది.

దగ్గర్లో షాపులో అడిగితే రెండింటికీ 20 వెయ్యి, నిలబడకపోతే 30 వెయ్యి అంటా ఉండాడు. వచ్చే వారం ఇంట్లో వాళ్లను ఎక్కించుకొని కొండకు పోవాల. ఘాట్ మలుపుల్లో హారన్ లేకుండా ఎట్లా పోయేది? 20 వేసేయొచ్చా?

చిత్తూరు వైరింగ్:

వేయొద్దు తమ్ముడూ. 20 వద్దు, 30 అయితే ఆ మాటే వద్దు. ఫ్యూజు పెట్టేది పంపును కాపాడేదానికి కాదు, హారన్‌ను కాపాడేదానికీ కాదు. ఫ్యూజు బాక్సు నుంచి సాకెట్ దాకా డ్యాష్‌బోర్డు లోపల దూరిపోయే వైరు ఉంది చూడు, దాన్ని కాపాడేదానికి. ఆ వైరు మందం ఎంత, ఎంత కరెంటు పోతే దాని పైతొడుగు మెత్తబడుతుంది అని లెక్క కట్టి కంపెనీ 15 పెట్టింది. నువ్వు 30 వేస్తే 25 యాంపులు పోతున్నా ఫ్యూజు కదలదు, వైరు కాలుతుంది. అది ఒక్కటే కాలి ఊరుకోదు, అదే కట్టలో పక్కనున్న వైర్లన్నిటికీ అంటుకుంటుంది. పొగ కనిపించేసరికి అది చెయ్యి దూరని చోట ఉంటుంది.

నీ రెండు సమస్యలూ వేరువేరు. పంపుది లోడు, అంటే లాగే కరెంటు, ఎక్కువై పోయే ఫ్యూజు. హారన్‌ది షార్టు, అంటే ప్లస్ కరెంటు అడ్డదారిన నేరుగా కారు బాడీకి కలవడం. రెండింటికీ ఒకే మందు చెప్పాడంటే ఆయన కాలిన ఫ్యూజు చేతిలోకి తీసుకుని చూడలేదు.

ముందు పంపు లెక్క చూడు. 150 వాట్లను 12తో భాగిస్తే 12.5 యాంపులు. ఫాస్ట్ చార్జరు 20 వాట్లది అయితే ఇంకో యాంపున్నర పైన, డ్యాష్‌క్యామ్ అర యాంపు. అక్కడికే 15కి దగ్గర పడింది. టైరులో గాలి పెరిగే కొద్దీ పంపు మోటారు ఇంకా ఎక్కువ లాగుతుంది, మొదలయ్యే క్షణంలో అయితే చెప్పనక్కర్లేదు. 15 ఫ్యూజు 15 దాటగానే టక్కున తెగుతుంది అనుకుంటారు చాలామంది. అట్లా తెగదు. బ్లేడు ఫ్యూజులకు ఐఎస్ఓ 8820 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం రాసిన విలువకు 110 శాతం, అంటే 16.5 యాంపులు పోతున్నా 100 గంటలు నిలబడాలి. 135 శాతం, అంటే 20 యాంపులు దాటితే 10 నిమిషాల లోపల తెగాలి. రెండింతలైతే 5 సెకన్ల లోపల. నీది ఆ మొదటి రెండింటి మధ్యలో ఎక్కడో నడుస్తోంది. ఫ్యూజు లోపలి జింకు పట్టీ మెల్లమెల్లగా వేడెక్కి మూడో టైరు దగ్గర కరిగిపోతోంది. అందుకే వెంటనే పోవడం లేదు.

ఆగకుండా నడిచే లోడు ఫ్యూజు విలువలో ముప్పావు వంతు దాటకుండా చూసుకోవాలి. 15కి అది సుమారు 11 యాంపులు. నీ సాకెట్ మూత మీదో లోపలి అంచు మీదో 120 వాట్లు అని ఉందేమో చూడు, చాలా కార్లలో ఉంటుంది. అది 10 యాంపులే. అంటే ఆ పంపు ఒక్కటే పెట్టినా ఆ సాకెట్‌కు ఎక్కువే. దారి ఒక్కటే, పంపును సాకెట్లో పెట్టకుండా క్లిప్పుల వైరుతో బ్యాటరీకి నేరుగా తగిలించు. ఎర్రది ప్లస్‌కు, నల్లది మైనస్‌కు. క్లిప్పు వైరులో ప్లస్ వైపు పంపు మాన్యువల్లో చెప్పిన విలువ ఫ్యూజు ఉండాలి, ఆ ఫ్యూజు హోల్డరు బ్యాటరీకి ఎంత దగ్గరుంటే అంత మంచిది. ఇంజను ఆన్‌లో పెట్టు, పది నిమిషాలు నడిపితే పంపును కాసేపు చల్లారనియ్యి.

ఇక హారన్. కాలిన ఫ్యూజులు పారేయకుండా ఉంటే వెలుతురుకు పట్టి చూడు. లోడుతో పోయిన దాంట్లో పట్టీ మధ్యలో కరిగి చిన్న సందు ఉంటుంది, ప్లాస్టిక్ మాత్రం తేటగానే కనిపిస్తుంది. షార్టుతో పోయిన దాంట్లో పట్టీ చాలావరకు ఎగిరిపోయి కిటికీ లోపల నల్లగానో వెండి పొడి చల్లినట్టో ఉంటుంది. మూడో రకం ఒకటి ఉంది, దాన్నే ఎవరూ పట్టించుకోరు: పట్టీ తెగి ఉన్నా లేకున్నా ఒక కాలు గోధుమ రంగుకు తిరిగి, ఆ కాలు దగ్గర ప్లాస్టిక్ ముడుచుకుని ఉంటుంది. అది హోల్డరులో పట్టు వదులై వచ్చే వేడి. రెండు ఫ్యూజులూ చూసి చెప్పు.

పుత్తూరు స్పేర్స్:

వైరింగ్ అన్న చెప్పినదానికి కొనేటప్పటి సంగతులు కలుపుతాను.

రంగులు గుర్తుపెట్టుకుంటే చాలు, నంబరు చెరిగిపోయినా ఇబ్బంది లేదు. 5 లేత గోధుమ, 7.5 ముదురు గోధుమ, 10 ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 25 తెలుపు లేదా పారదర్శకం, 30 ఆకుపచ్చ. 5కి 7.5కి మసక వెలుతురులో తేడా తెలియదు, అక్కడ మాత్రం నంబరు చదవాల్సిందే.

రంగు ఒకటైతే సరిపోదు, సైజు కూడా ఒకటే అయ్యుండాలి. పాత కార్లలో వచ్చే మామూలు బ్లేడు సుమారు 19 మిల్లీమీటర్ల వెడల్పు. మినీ 11. లో-ప్రొఫైల్ మినీ కూడా వెడల్పులో 11 చిల్లరే, కాకపోతే దాని కాళ్లు ప్లాస్టిక్ దాటి కిందికి రావు. గందరగోళమంతా ఈ రెండింటి మధ్యే. ఒకటి పెట్టాల్సిన చోట ఇంకొకటి దూరినట్టే ఉంటుంది గానీ పట్టు సరిగ్గా రాదు, లేదా మూత పడదు. షాపుకు పోయేటప్పుడు కాలిన ఫ్యూజును చేత్తో పట్టుకుని పోండి, కారు పేరు చెప్తే సరిపోదు.

డబ్బాలో 100 ఫ్యూజులు చవగ్గా వస్తున్నాయని ఆన్‌లైన్లో పేరులేనివి కొనొద్దు. వాటిలో కొన్నిట్లో పట్టీ మందంగా ఉండి తెగాల్సిన కరెంటుకు తెగవు. తెగని ఫ్యూజు అంటే ఫ్యూజు లేనట్టే. రేణిగుంట రోడ్డులో స్పేర్ పార్ట్సు షాపుల్లో పేరున్న కంపెనీవి విడిగా దొరుకుతాయి, ధర టీ ఖర్చుకు అటూ ఇటూ. 10, 15, 20 రెండేసి తీసి గ్లవ్ బాక్సులో పెట్టుకోండి.

కొర్లగుంట హ్యాచ్‌బ్యాక్:

చూసినాను అన్నా. సాకెట్ మీద 120 వాట్లు అనే ఉంది. సాకెట్ ఫ్యూజు పట్టీ మధ్యలో కరిగింది, ఒక కాలు మాత్రం గోధుమ రంగుకు తిరిగింది. హారన్ ఫ్యూజు లోపలంతా నలుపు. హారన్‌ది స్టీరింగ్ లోపల వైరు పోయిందేమో, స్టీరింగ్ విప్పాల అని ఒకరు చెప్పినారు. మీటరు ఉంది, వాడే పద్ధతి సరిగ్గా తెలీదు.

పాకాల టెస్ట్‌ల్యాంపు:

స్టీరింగ్ జోలికి పోవద్దు బ్రదర్. దాంట్లో ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. పైగా అక్కడ తప్పు జరిగే అవకాశం తక్కువ. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు) ఉన్న కార్లలో ఎక్కువ వాటికి స్టీరింగ్ బటను చేసే పని హారన్ రిలే కాయిల్‌ను ఎర్త్‌కు, అంటే కారు బాడీకి కలపడమే. అక్కడి వైరు బాడీకి తగిలితే హారన్ ఆగకుండా మోగుతూనే ఉంటుంది గానీ ఫ్యూజు కాలదు. నీకు నొక్కినప్పుడే కాలుతోంది అంటే రిలే కలిసిన తర్వాత, అంటే రిలే నుంచి హారన్ దాకా ఉన్న వైరులోనో హారన్ లోపలో షార్టు ఉంది. వానల తర్వాత వచ్చింది కాబట్టి నా అనుమానం హారన్ దగ్గరే.

ఇట్లా వెళ్లు. తాళం తీసి చేతిలో పెట్టుకో. బానెట్ తీసి ఫ్యూజు బాక్సు మూత వెనక ఉన్న పటంలో హారన్ రిలే ఎక్కడుందో చూడు. ఫ్యూజు లాగే చిన్న ప్లాస్టిక్ చిమటా చాలా కార్లలో ఆ మూతకో బాక్సు లోపలో తగిలించి ఉంటుంది. అది లేకపోతే సన్న ముక్కు ప్లయరుతో నిటారుగా లాగు, పక్కకు వంచితే కింద క్లిప్పు సాగిపోతుంది.

హారన్లు సాధారణంగా గ్రిల్లు వెనకో బంపర్ లోపలో రెండు ఉంటాయి. రెండింటి కనెక్టర్లూ ఊడదీయి. కొత్త 15 ఫ్యూజు వేసి హారన్ నొక్కు. ఫ్యూజు నిలబడితే వైరు బాగుంది, తప్పు హారన్‌లో. ఒక్కో హారన్ తగిలించి నొక్కితే ఏది తినేస్తోందో తెలిసిపోతుంది. నోరు పైకి ఉండేట్టు బిగించిన హారన్‌లో నీళ్లు నిలుస్తాయి, మార్చేటప్పుడు నోరు కిందికి ఉండేట్టు బిగించు. కనెక్టర్ లోపల పచ్చగా చిలుము పట్టి ఉంటే ఆ కనెక్టరూ మార్చాల్సిందే.

కనెక్టర్లు ఊడదీసినా ఫ్యూజు పోయిందంటే వైరులో షార్టు. ఇక్కడ కొత్త ఫ్యూజులు ఒకదాని తర్వాత ఒకటి కాల్చుకుంటూ పోకుండా బల్బు పద్ధతి వాడు. ఇండికేటర్‌కు వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు, హోల్డరుతో సహా తీసుకో. కాలిన ఫ్యూజు ఒకదాని రెండు కాళ్లకు రెండు వైర్లు సోల్డర్ చేసి ఆ వైర్లను బల్బుకు కలుపు. ఫ్యూజు స్థానంలో దాన్ని గుచ్చు. ఇప్పుడు ఎంత పెద్ద షార్టు ఉన్నా బల్బు గుండా రెండు యాంపులు కూడా పోవు, వైరు వేడెక్కదు. హారన్లు ఊడదీసే ఉన్నాయి కాబట్టి ఇంకొకరిని హారన్ నొక్కి పట్టుకోమంటే బల్బు వెలగకూడదు. నిండుగా వెలిగితే షార్టు ఇంకా ఉందని అర్థం. ఆయన నొక్కి పట్టుకుని ఉండంగా నువ్వు వైరు కట్టను ఫ్యూజు బాక్సు నుంచి ముందుకు జానెడు జానెడు కదిలిస్తూ రా. ఎక్కడ కదిలిస్తే బల్బు ఆరుతుందో, మినుకుమంటుందో తప్పు అక్కడే.

చూడాల్సిన చోట్లు: రేడియేటర్ మీదుండే ఇనుప పట్టీకి వైరు రాసుకునే మూల, హెడ్‌లైట్ వెనక, బ్యాటరీ ట్రే అడుగు. బానెట్ లోపల గింజల పొట్టో ఎలుక పెంటికలో కనిపిస్తే వైరు కొరికి ఉంటుంది. చెట్ల కింద, ఖాళీ జాగాల పక్కన నిలిపే కార్లకు మన దగ్గర ఇది మామూలే. కొరికిన చోట ఒట్టి ఇన్సులేషన్ టేపు చుట్టి వదలొద్దు. ఇంజను వేడికి టేపు జిగురు కారి నెలల్లో ఊడి వస్తుంది. దెబ్బతిన్న ముక్క కత్తిరించి, అంతే మందం వైరు అతికి, సోల్డరో క్రింపో (లోహపు ముక్కలో నొక్కి అతికించడం) వేసి, వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ ట్యూబు తొడిగించు. ట్యూబును అతికే ముందే వైరుకు ఎక్కించి పెట్టుకోవాలి.

ఈ బల్బును ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజన్ కంప్యూటర్ అని రాసి ఉన్న ఫ్యూజుల దగ్గర మాత్రం పెట్టొద్దు.

మీటరు సంగతి: డీసీ 20 వోల్టుల మీద పెట్టు. నల్ల వైరు రంగు లేని బోల్టుకో బ్యాటరీ మైనస్‌కో ఆనించు. ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు కనిపిస్తాయి, ఎర్ర మొనతో ఒకదాని తర్వాత ఒకటి తాకు. రెండు చోట్లా 12 చూపిస్తే ఫ్యూజు బాగుంది. ఒక చోట 12, ఇంకో చోట సున్నా అయితే పోయింది. రెండు చోట్లా సున్నా అయితే ఫ్యూజుకు కరెంటే రావడం లేదు, తాళం ఆన్ చేసి మళ్లీ చూడు. మీటరును బీప్ మీద (దారి కలిసి ఉంటే మోగే సెట్టింగు) పెట్టి చూసేవాళ్లు ఫ్యూజును బయటికి తీసే చూడాలి. లోపల ఉండంగా చూస్తే వేరే దారిన కరెంటు కలిసి, కాలిపోయిన ఫ్యూజు కూడా బాగున్నట్టు బీప్ వస్తుంది. కంటికి బాగున్నట్టు కనిపించి, కాలు మొదలు దగ్గర సన్నగా చిట్లిన ఫ్యూజులు కూడా ఉంటాయి, వాటిని పట్టించేది మీటరే.

చిత్తూరు వైరింగ్:

సాకెట్ ఫ్యూజుకు ఒక కాలు గోధుమ రంగు అన్నావు చూడు, దాన్ని వదిలేయొద్దు. పంపును బ్యాటరీకి మార్చినా ఆ తప్పు అక్కడే ఉంటుంది. హోల్డరు క్లిప్పు వదులై దాని దగ్గర 0.05 ఓముల నిరోధం వచ్చిందనుకో. 12 యాంపులు పోతే 12 ఇంటు 12 ఇంటు 0.05, అంటే 7 వాట్లకు పైగా వేడి, అదీ వేలిగోరంత చోట. ఆ వేడే పట్టీకి పాకి ఫ్యూజును ఇంకా తొందరగా కరిగిస్తోంది. కొత్త ఫ్యూజు పెట్టి చూడు, రెండు కాళ్లూ గట్టిగా పట్టుకోవాలి. ఒకటి వదులుగా జారితే ఆ టెర్మినల్ మార్చించు. ఉప్పు కాగితంతో రుద్దితే పైపూత పోయి ఇంకా చెడుతుంది, ప్లయరుతో నొక్కి బిగించినా రెండు వారాల ముచ్చటే. ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర బ్యాటరీ మైనస్ ఊడదీసి, వెనక నుంచి ఆ ఒక్క పిన్ను బయటికి తీసి కొత్త పిన్ను క్రింప్ చేయించుకోవచ్చు. బాక్సు మొత్తం మార్చాలి అంటే పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగిందేమో చూపించమను. కరగకపోతే అక్కర్లేదు.

కొర్లగుంట హ్యాచ్‌బ్యాక్:

చాలా సంతోషం అన్నా. ఇంకో రెండు అడుగుతా. కొండ దారిలో హారన్ ఫ్యూజు పోయిందనుకోండి, స్పేరు లేకపోతే సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి కిందికి దిగేదాకా నడిపించొచ్చా? రెండోది, డ్యాష్‌క్యామ్‌ను సాకెట్ నుంచి తీసి ఫ్యూజు బాక్సులో నుంచే ఇవ్వాలంటే ఎట్లా?

పాకాల టెస్ట్‌ల్యాంపు:

వెండి కాగితం, వైరు పోగు, మేకు ఏదీ వద్దు. ఘాట్‌లో నిప్పు అంటుకుంటే పక్కకు ఆపుకునే చోటు కూడా ఉండదు, పక్కనంతా అడవి.

స్పేరు లేకపోతే అప్పటికి అవసరం లేని చోట నుంచి అదే విలువ, అదే సైజు ఫ్యూజు తీసి వాడు. సాకెట్, వెనక వైపరు, ఆడియో ఇట్లాంటివి. అదే విలువ దొరకకపోతే తక్కువది వేయొచ్చు, ఎక్కువది ఎప్పుడూ వేయకూడదు. 15 చోట 10 వేస్తే పొట్టి హారన్ కొట్టినంతవరకు నిలబడవచ్చు, పోయినా నష్టం ఫ్యూజే. బ్రేక్ లైటు, ఫ్యూయల్ పంపు, రేడియేటర్ ఫ్యాను, ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ ఫ్యూజులు మాత్రం ముట్టుకోవద్దు.

హారన్ కంటే ముందు బ్రేక్ లైట్లు చూసుకుని బయలుదేరు. కొండ దిగేటప్పుడు అడుగడుగునా బ్రేకు మీదే నడుస్తావు, వెనక వచ్చేవాడికి నీ లైటే గుర్తు. చాలా ఆటోమేటిక్ కార్లలో బ్రేక్ లైటు ఫ్యూజు పోతే గేరు కూడా పార్కింగ్ నుంచి కదలదు. గేరుబాక్సు పోయింది అని టోయింగ్‌కు పిలిచే ముందు ఆ ఫ్యూజు ఒక్కటి చూడాలి.

చిత్తూరు వైరింగ్:

డ్యాష్‌క్యామ్‌కు ఫ్యూజు ట్యాప్ అని దొరుకుతుంది. ఉన్న ఫ్యూజు తీసి ఆ స్థానంలో ట్యాప్ గుచ్చితే దాంట్లో రెండు ఫ్యూజులు పడతాయి. ఒకటి పాతదే, రెండోది కొత్త వైరుకు. డ్యాష్‌క్యామ్‌కు 3 చాలు. క్యామ్ 5 వోల్టులది అయితే మధ్యలో 12ను 5కి తగ్గించే, దానికి తగ్గ హార్డ్‌వైర్ కిట్ ఉండాలి, 12 నేరుగా ఇస్తే క్యామ్ పోతుంది. ట్యాప్ సైజు నీ ఫ్యూజు సైజుకు సరిపడేదే కొను. తాళం తిప్పితే వచ్చే ఫ్యూజుల్లో 10 అంతకంటే తక్కువ ఉన్న ఆడియో లాంటిది ఎంచుకో. ఇందాక వద్దన్న ఫ్యూజుల్లో దేనికీ ట్యాప్ పెట్టొద్దు.

ట్యాప్‌ను రెండు వైపులా గుచ్చొచ్చు, పని రెండు వైపులా చేస్తుంది. కానీ ఒక వైపే సరైనది. తిరగేసి పెడితే క్యామ్ కరెంటు కూడా పాత ఫ్యూజు గుండానే పోతుంది. కనుక్కునేదానికి తేలికైన పద్ధతి: ట్యాప్‌లో కొత్త 3 ఫ్యూజు మాత్రం ఉంచి పాత ఫ్యూజు తీసేయి, ట్యాప్ గుచ్చి తాళం ఆన్ చెయ్యి, ట్యాప్ వైరు చివర మీటరు పెట్టు. 12 వస్తే సరిగ్గా ఉంది. రాకపోతే తాళం ఆపి, ట్యాప్ తీసి తిప్పి గుచ్చు. అప్పుడు 12 వచ్చాక పాత ఫ్యూజు పెట్టేసి వైరు కలుపు.

వైరును ముందు అద్దం పక్క స్తంభం ప్లాస్టిక్ కింద నుంచి పైకి తీసుకెళ్లేటప్పుడు అక్కడ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉందేమో చూడు, ఉంటే వైరు దాని వెనక నుంచి పోవాలి, ముందు నుంచి అడ్డంగా కాదు. ఎర్త్‌ను రంగు గీకిన బాడీ బోల్టుకు ఇవ్వు. పెడళ్ల దగ్గర వేలాడే వైరు ఏదీ లేకుండా టై కట్టి బిగించు.